అక్రోటు చెట్ల క్రింద ఆడిన ఆట

బొమ్మల కొలువు పెట్టిన రాత్రి, ఇల్లంతయు నిద్రించిన పిదప, ఆ బొమ్మలు మెట్లు దిగివచ్చి తమలో తాము మాటలాడుకొనునని చిన్ననాట అనుకొనని వారు మనలో నెవరు? మచిలీపట్నములోని మా పుట్టినింట నేనును మా చెల్లెలును సంక్రాంతి మూడు రాత్రులును దుప్పటి క్రింద మేలుకొని చెవులొగ్గి యుండెడివారము. బొమ్మల మాటలు ఎన్నడును వినబడలేదు. ఎలుకలు మాత్రము వచ్చి కొలువు ముందర పోసిన సెనగలను తినిపోయెడివి. ఈ బొమ్మలనే, ఈ ఎలుకలనే కథగా జేసి పాశ్చాత్యులు ఒక నృత్యనాటకమును కట్టుకొనిరనియు, దానిని ఏటేట క్రిస్మస్ పండుగ దినములలో పిల్లలచే ఆడింతురనియు నాకు 2020వ సంవత్సరము వరకు తెలియదు. తెలిసిన ఆ సంవత్సరముననే ఆ నాటకమునకు నిలువ నీడ లేకపోయినది.

నేను ఒక ఉన్నత పాఠశాలోపాధ్యాయుని భార్యను. విమానములెక్కి దేశములు తిరుగు సంసారము మాది కాదు. మా చెల్లెలు అమెరికాలో రెండవ కానుపునకు సిద్ధమై యుండగా, మా తల్లి కాలము చేసి యున్నందున, తల్లి చేయవలసిన పని అక్క మీద పడినది. 2020 జనవరిలో కాలిఫోర్నియా రాష్ట్రములోని ఫ్రీమాంట్ నగరమునకు పోయితిని. మార్చి నెలాఖరున తిరిగి రావలసినది. మార్చి 17వ తేదీన అచట ఎవరును గడప దాటరాదను ఉత్తరువు అమలులోనికి వచ్చెను. 22వ తేదీ మొదలు విదేశ విమానములు మన గడ్డపై దిగుట నిలిచిపోయెను. 25వ తేదీన మన దేశమంతయు తలుపులు మూసికొనెను. మే నెలలో మన ప్రభుత్వమువారు ప్రత్యేక విమానములు నడప నారంభించినప్పుడు నేనును పేరు వ్రాయించుకొంటిని. జూలైలో వంతు వచ్చెను. సరిగా ఆ వారముననే మా మరిదికి కొవిడ్ సోకినది. ఒక గదిలో రోగి, ఒక గదిలో అయిదు నెలల పసికందు, నడుమ పదునొకండేండ్ల పిల్ల. మా చెల్లెలి నొక్కతెను వదలి రాలేక ఆ చోటును వదలుకొంటిని. ఆయన కోలుకొనిరి గాని నా ప్రయాణము నెలల వెనుకకు పోయినది.

ఇచట మా వారును, పదుమూడేండ్ల మా అమ్మాయియు మిగిలిరి. ఆ పిల్ల ప్రతిదినమును ఫోనులో తన జడ తానే వేసికొని నాకు చూపెడిది. మొదట వంకరగా నుండిన పాపిట నెలలు గడచిన కొలది తిన్ననగుచుండెను. అది చూచి సంతోషింపవలెనో దుఃఖింపవలెనో నాకు తెలిసెడిది కాదు.

ఫ్రీమాంట్ ఒక ఊరని చెప్పుట వాడుకయే గాని, అయిదు చిన్న ఊళ్లు 1956లో ఒక పేరు క్రింద చేరగా ఏర్పడిన నగరమది. తూర్పున కొండల వరుస. పడమట శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు ఉప్పు మడులు. అచట వాన శీతకాలమున కురియును గనుక, వేసవి నుండి శరత్తు వరకు ఆ కొండలపై గడ్డి యెండి సింహపు జూలు వన్నెలో నుండును. మన తెలుగువారు ఆ ప్రాంతమున ఎందరో కాపురమున్నారు. సాయంకాలము వీధిలో నడచుచుండగా ఇంగువ పోపు వాసన వచ్చిన యింటి ముందు ఒక నిమిషము నిలువబుద్ధియగును. ఆ యేడు నిలిచినను పలుకరించువారు లేరు. ఆగస్టు నడుమ పిడుగులు పడి అడవులంటుకొని, సెప్టెంబరు 9వ తేదీన ఆకాశమంతయు కావి రంగు దాల్చెను. పగలు పది గంటలకు ఇంట దీపములు వెలిగించితిమి. గాలి కొరకు కిటికీలు తెరువుమని రోగము చెప్పుచుండెను, మూయుమని పొగ చెప్పుచుండెను. మేము ఏ మాట వినవలెను?

మా చెల్లెలి కూతురు ఆరేండ్ల ప్రాయము నుండి బాలే యను పాశ్చాత్య నాట్యమును నేర్చుచున్నది. నా కది మొదట రుచింపలేదని ఒప్పుకొనుచున్నాను. నేను కూచిపూడి గాలి తగిలిన జిల్లాలో పుట్టినదానను. మన నాట్యము మోకాలు వంచి భూదేవిని తాకి తాకి మేలుకొలుపును. వారిది కాలివ్రేళ్ల కొనపై లేచి, భూమితో తమకు సంబంధమే లేదనిపించుకొన జూచును. అయితే పిల్ల ఇంటిలో గోడకు కట్టిన కొయ్యను పట్టుకొని, తెరమీద పంతులమ్మ చెప్పినట్లు, ఒకే కదలికను నలుబది మారులు చేయుట ఏడు నెలల పాటు వంటయింటి గుమ్మము నుండి చూచితిని. సాధన ఎచటనైనను సాధనయే. జూలైలో తండ్రి గదిలో దగ్గుచున్నప్పుడు కూడ ఆ పిల్ల ఆ కొయ్యను వదలలేదు.

ఇక ఆ నాటకపు మాట. దాని పేరు నట్‌క్రాకర్. మనకు పోకలు కత్తిరించుటకు అడకత్తెర యున్నట్లు వారికి అక్రోటు కాయలు పగులగొట్టుటకు ఒక సాధనము కలదు. దానికి సైనికుని వేషము వేసి, పెద్ద నోరు పెట్టి, వీపున మీట యమర్చి కొయ్యబొమ్మగా చేయుదురు. పండుగ రాత్రి క్లారా యను బాలికకు అట్టి బొమ్మ కానుకగా వచ్చును. అర్ధరాత్రి ఎలుకల సైన్యము దండెత్తును. బొమ్మ సేనాపతియై పోరాడును. ఓడిపోవు వేళకు బాలిక తన కాలి చెప్పు తీసి ఎలుకల రాజు మీద విసరును. రాజు కూలును, బొమ్మ రాకుమారుడగును, ఇరువురును మంచు కురియు అడవి మీదుగా మిఠాయిల లోకమునకు పోవుదురు. కథ హాఫ్‌మన్ అను జర్మను రచయిత 1816లో ప్రకటించినది. దానికి చైకోవ్‌స్కీ సంగీతము కూర్చగా 1892లో రష్యా దేశపు సెయింట్ పీటర్స్‌బర్గులో మొదట ఆడిరి. అమెరికాలో దానిని సంపూర్ణముగా మొదట ఆడినది ఫ్రీమాంటునకు నలుబది మైళ్ల దూరముననున్న శాన్ ఫ్రాన్సిస్కోలోనే, 1944 డిసెంబరు 24వ తేదీన. నేడు ఆ దేశమున చిన్న పెద్ద నాట్యశాల లన్నియు డిసెంబరులో దీనినే ఆడును. పలు నాట్యశాలలకు ఏడాది గ్రాసము ఈ ఒక్క నాటకము వలననే వచ్చునట. మన పల్లెలలో శ్రీరామనవమి పందిరి యెట్టిదో వారికి డిసెంబరులో ఇది అట్టిది.

మా చిన్నది మొదటి యేడు ఎలుక, తరువాత రెండేండ్లు సైనికుడు. 2020లో క్లారా పాత్ర తనకు వచ్చునని పంతులమ్మ ముందే సూచించి యుండెను. ఆ యేడే నాటకశాలలు మూతపడినవి. న్యూయార్కు నందును, శాన్ ఫ్రాన్సిస్కో నందును మహానాట్యశాలలే రంగస్థలమున ఆడుట మానుకొనిరి. క్లారా పాత్ర చిన్నపిల్లది. మరుసటి యేటికి పిల్ల పొడుగైనచో మరియొకరికి పోవును. పండుగ మరల వచ్చును గాని పదునొకండవ యేడు మరల రాదు. ఈ సంగతి పెద్దవారెవరును పైకి అనలేదు. అది ఒక రాత్రి నా ప్రక్కన పండుకొని, చీకటిలో, "దొడ్డమ్మా, వచ్చే ఏటికి నేను పొడుగు కాకుండా ఉండే ఉపాయం ఉందా?" అని అడిగినది.

అక్టోబరులో పంతులమ్మ ఒక నిశ్చయమునకు వచ్చెను. రంగస్థలము లేదు గనుక ఆరుబయట ఆడింతుము, చూచువారు లేరు గనుక సినిమాగా తీసి ఇండ్లకు పంపుదుము అనెను. పిల్లలలో ఒకరి తండ్రి కెమేరాల పని తెలిసినవాడు. ఆరుబయట అనగానే అచటి తల్లులు విస్తుపోయిరి. నాకు మాత్రము నవ్వు వచ్చినది. మన భాగవతులకు ఆరుబయలే గదా నాటకశాల! కూచిపూడిలో కాగడాల వెలుగున తెల్లవారువరకు ఆడెడివారని మా మామ్మ చెప్పెడిది. నేను చూచునాటికి విద్యుద్దీపములు వచ్చినవి గాని, తలపై ఆకాశము అట్లే యుండెను. సత్యభామ జడను తెర మీదుగా వేసినప్పుడు ప్రక్క చింతచెట్టు మీది కాకులు సైతము మేలుకొనెడివి.

అయితే ఆ ఆరుబయలు వేరు, ఈ ఆరుబయలు వేరు అని పోనుపోను తెలిసినది.

నిబంధనలు కఠినముగా నుండెను. పదునలుగురికి మించని జట్లుగా పిల్లలను విభజించిరి. ఒక జట్టువారు మరియొక జట్టువారిని కలియరాదు. ఒకరికొకరు ఆరడుగుల ఎడముగా నుండవలెను. నాట్యమాడునప్పుడును ముఖమునకు మాస్కు తీయరాదు. పిల్లకు తోడుగా పెద్దవారొకరే రావలెను, వారును కారులోనే కూర్చుండవలెను. దుస్తులను సంచులలో పెట్టి, ఒక్కొక్క కారు వచ్చి గుమ్మము ముందాగగా లోపలికి అందించిరి. తల్లులు కూడి కుట్లు వేయు సందడి లేదు.

మాస్కుల పని నాకు వచ్చినది. మంచు పిల్లలు పదునలుగురికి తెల్లనివి, క్లారాకు లేత గులాబీవి. చూపునకు మెరియు సాటిను కావలెననిరి. సాటినుతో కుట్టి ఒకటి చిన్నదానికి పెట్టి గెంతించి చూచితిని. పది గెంతులకు ఊపిరి ఆడక ముఖము కందిపోయినది. అందుచేత సాటినును పైపొరగా పలుచగా వేసి, లోపల రెండు పొరలు బాగుగా ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ వేయ దలచితిని. చెవి పట్టీలకు రబ్బరునాడా వసంతకాలము నుండియే దుకాణములలో దొరకుట కష్టమై యుండెను. పాత బనియనులను సన్నగా కత్తిరించి లాగినచో అవే చుట్టుకొని మంచి నాడాలగును. ఈ ఉపాయము మన సోదరీమణులకు ఎప్పుడైన పనికివచ్చును. చెవులను కోయవు కూడ.

నూలుగుడ్డ ఎచటిదనగా, నేను నా పెట్టెలో మా అమ్మ వెంకటగిరి చీర నొకదానిని తీసికొనిపోయి యుంటిని. చెల్లెలి కానుపునకు అమ్మ లేదు గనుక అమ్మ చీరయైన నుండవలెనని నా ఊహ. పసిబిడ్డను తొలుత అందులోనే చుట్టితిమి. కత్తెర తీయగానే మా చెల్లెలు, "అమ్మ చీరా, అక్కా?" అని చేయి పట్టుకొనినది. చీర నడుమ అప్పటికే పలుచబడి చిరుగుపట్టినది, పెట్టెలో దాచినచో మరి రెండేండ్లకు పొడియగును అని చెప్పితిని. అది కొంతసేపు పలుకక, తానే రెండవ కొస పట్టుకొనినది. చీర నడుము భాగము పదునైదు మాస్కులకు అస్తరైనది. జరీ కొంగు మిగిలినది.

ఆ కొంగునకును పని దొరకినది. కథలో రాకుమారుడు క్లారా చేయి పట్టుకొని అడవికి తీసికొనిపోవలెను. చేయి పట్టుకొనరాదని గదా నియమము. పంతులమ్మ, ఆరడుగుల గుడ్డ యొకటి కొసలు చెరియొకరు పట్టుకొని నడువవలెనని ఆలోచించెను. మా ఇంట జరీ కొంగు సిద్ధముగా నున్నది. రాకుమారుడు కూడ ఆడుపిల్లయే సుమా! అచట ఈ నాట్యము నేర్చు బాలురు తక్కువ, పొడుగైన బాలిక నెన్నుకొని వేషము వేసిరి. కూచిపూడిలో తరతరములుగా మగవారే సత్యభామలైరి. రెండు దేశములు ఒకదాని లోటును ఒకటి తీర్చుకొనవచ్చును గాని నడుమ సముద్ర మడ్డము.

ముఖమున సగము కప్పబడినది. నవ్వు కనబడదు, పెదవి వణకు కనబడదు. సాధన సమయమున తీసిన చిత్రములను చూచి పంతులమ్మ, పిల్ల కాళ్లు చక్కగా నున్నవి, ముఖమేది? అని అడిగెనట. చిన్నది ఏడ్చుచు వచ్చినది. నాకు బాలే తెలియదు. కాని మా తండ్రిగారు నాకు ఇంటివద్ద సంస్కృతము చెప్పుచు నందికేశ్వరుని అభినయదర్పణమును చదివించిరి. అందు చూపులు ఎనిమిది విధములుగా చెప్పబడినవి. తల కదలింపక కంటి కొసతో చూచునది సాచి. పైకెత్తి చూచునది ఉల్లోకితము. వేగముగా పైకిని క్రిందికిని చూచునది అనువృత్తము. రాత్రులు పసిబిడ్డ నిద్రించిన పిదప నేను నోటికి కొంగు అడ్డము పెట్టుకొని చూపులు చూపెడిదానను, అది మాస్కు పెట్టుకొని అనుకరించెడిది. చెట్టు పెరుగుచున్నది, ఉల్లోకితము. ఎలుక చప్పుడు, సాచి. నేను నర్తకిని గాను. అభినయము పుస్తకమున చదివినదే గాని చేసినది లేదు. అయినను పదునైదు దినములలో ఆ పిల్ల కన్నులకు నోరు వచ్చినది.

చిత్రము తీయుటకు నిశ్చయించిన దినము నవంబరు 14, శనివారము. ఆ దినము దీపావళి యని వారికి తెలియదు. మా వారి పాఠశాలలో నవంబరు 2వ తేదీ నుండి తొమ్మిది, పది తరగతులు తెరచిరి. ఆయన ప్రతిదినమును పిల్లల నడుమకు పోవుచుండిరి. ఆ తెల్లవారుజామున ఫోను చేయగా మా అమ్మాయి ఒంటరిగా ప్రమిదలలో వత్తులు వేయుచు, "నాన్న స్నానానికి వెళ్లారు, బాగానే ఉన్నారు" అని నేనడుగకయే చెప్పినది. ఆ మాట నాతో కారులో వచ్చినది.

స్థలము నైల్స్. ఫ్రీమాంటులో కలిసిన అయిదూళ్లలో అది యొకటి, కొండ లోయ మొదట, రైలు మార్గము ప్రక్కన నున్నది. సోదరీమణులకు ఒక వింత చెప్పవలెను. మాటలు లేని సినిమాల కాలమున, హాలీవుడ్ ఇంకను పేరు పొందకమునుపు, ఎస్సనే యను కంపెనీవారు ఈ పల్లెలో చిత్రములు తీసిరి. చార్లీ చాప్లిన్ 1915లో ఇచట పనిచేసెను. 'ది ట్రాంప్' అను చిత్రము ఇచటనే తయారైనది. సూర్యుని వెలుగే వారికి దీపము. 1916లో ఆ కంపెనీ ఇచటి పని మూసివేసినది. నూట నాలుగేండ్ల పిదప ముఖమునకు గుడ్డలు కట్టుకొని ఇందరు పిల్లలు ఆ వెలుగునే నమ్ముకొని వచ్చిరి.

ఎవరిదో పాత యిల్లు. వెనుక విశాలమైన పెరడు, ముసలి అక్రోటు చెట్లు, ఎండిన కొండ. అక్రోటు కాయల నాటకము అక్రోటు చెట్ల క్రింద! ఇది ఎవరును ఆలోచించి చేసినది కాదు, ఆ యింటివారు చోటిచ్చిరి, అంతియే. నేలపై చెక్క పలకలు పరచి, పైన రబ్బరు వంటి నల్లని చాప వేసిరి. ఉదయము మంచు పడి చాప జారుచుండెను. కెమేరా ఆయన కారుల వైపు చూచి, తుడుచుటకు ఒకరు కావలెననెను. నేను తువాళ్లతో దిగితిని. ఆ తువాలే నాకు ప్రవేశపత్రము. దినమంతయు ఎడముగా, కెమేరా వెనుక నిలుచుటకు అనుమతి దొరకినది. తక్కిన తల్లులు కారు అద్దముల వెనుక నుండి చూచిరి. కారులోనుండి చప్పట్లు కొట్టినచో అద్దము లోపలనే ఉండిపోవును. కొందరు దీపములు ఆర్పి వెలిగించి తమ మెచ్చుకోలు తెలిపిరి.

ఎలుకల జట్టు ఉదయము వచ్చినది. ఎదుట సైనికులు లేరు. గాలితో పోరాడి, గాలి చేత కొట్టబడి, పడవలసిన చోట పడి ఇంటికి పోయినవి. మధ్యాహ్నము సైనికుల జట్టు వచ్చెను. వారును శూన్యముపై కొయ్య కత్తులు దూసిరి. ఏడెనిమిదేండ్ల పిల్లవాడొకడు యుద్ధము నడుమ ఆగి, "ఎలుకలెక్కడ?" అని అడిగెను. పొద్దున వచ్చి పోయినవని చెప్పగా, "గెలిచింది ఎవరు?" అనెను. ఎవరును చెప్పలేకపోయిరి. కెమేరా ఆయన మాత్రము, "నేను ఇంటికి పోయి కత్తిరించిన పిదప తెలియును" అనెను.

చెట్టు పెరుగు ఘట్టమును రంగస్థలమున త్రాళ్లతో లాగి చూపెదరట. ఇచట కెమేరానే అక్రోటు మ్రాను మొదటికి దింపి పైకి త్రిప్పిరి. మంచు కురియుటకు కాగితపు ముక్కలు చల్లుదమనగా ఇంటివారు వలదనిరి. పెరడంతయు ఏరలేము గదా. మంచు పిల్లలు తెల్లని బట్టలతో చలిలో నిలిచి యుండగా, కొండ మీదినుండి గాలి వీచి, పండిన అక్రోటు ఆకులు పసుపుపచ్చగా రాలినవి. పంతులమ్మ ఒక్క అరుపు అరచెను, సంగీతము పెట్టుడనెను. ఆ ఘట్టము మరల తీయ నవసరము లేకపోయినది. నడుమ రైలు కూత వేయుచు పోయినను ఎవరును చింతింపలేదు. చిత్రమునకు ధ్వని ఎటులను తరువాత కలుపుదురు.

చివరిది క్లారా ఘట్టము. అప్పటికి నాలుగు గంటలు. ఆ నెలలో అచట అయిదు గంటలకే ప్రొద్దు క్రుంకును. నీడలు పొడుగై చాప దాటిపోవుచున్నవి. చిన్నది చెప్పు విసరవలెను. ఎలుకల రాజు ఉదయమే ఇంటికి పోయినాడు. మొదటి మారు విసరినది, చూపు నిలువలేదు. రెండవ మారు విసరుచు కాలు జారి మోకాలిపై పడినది. నేను ముందుకు రెండడుగులు వేసి నిలిచిపోయితిని. ఇంటివారొక్కరు తాకవచ్చునని నియమమున నున్నదో లేదో ఆ నిమిషమున గుర్తు రాలేదు. అది తానే లేచి, చాప తుడుచుటకు తువాలు నా చేతినుండి అందుకొని, మెల్లగా తెలుగులో, "దొడ్డమ్మా, అక్కడ ఎవరూ లేరు. నేను ఎవరిని చూడాలి?" అని అడిగినది.

ఈ ప్రశ్నకు అభినయదర్పణమున నేను చదివిన జవాబేదియు లేదు. కూచిపూడిలో సత్యభామ తెర తొలగించి చూచునప్పుడు ఎదుట ఊరంతయు కూర్చుండి యుండును. ముసలివారు దగ్గుదురు, పిల్లలు ఏడ్తురు, ఆమె చూపు తమ మీద పడినదని ప్రతివారును అనుకొందురు. ఆకాశము క్రింద ఆడుట సులభము, సభ లేక ఆడుట కష్టము. వారి నాటకశాలకు పైకప్పు పోయినదని నేను చింతింపలేదు గాని, దానితో ఎదుటి మనుష్యులును పోయిరని ఆ పిల్ల అడుగువరకు నాకు స్ఫురింపలేదు.

"నన్ను చూడు" అంటిని. కెమేరా ఆయన అనుమతితో ఆయన భుజము వెనుక, ఆరడుగుల ఎడముగా నిలిచితిని. మూడవ మారు చెప్పు నా తల మీదుగా పోయి కంపలో పడినది. పిమ్మట అమ్మ చీర కొంగు చెరియొక కొసను పట్టుకొని రాకుమారుడును క్లారాయు కొండ వైపు నడచిరి. ఎండ జరీ మీద పడినది. గాలికి కొంగు నడుమ పొంగి వారిరువురి నడుమ నున్న ఆరడుగులను నింపినది. మలుపు వద్ద చిన్నది వెనుదిరిగి చూడవలెను. చూచినది. మాస్కు పైన ఆ రెండు కన్నులును తిన్నగా నా మీద నిలిచినవి. అది ఏ దృష్టియో నేను పేరు పెట్టలేదు.

చీకటి పడుచుండగా ఇల్లు చేరితిమి. చిన్నది ముఖమునకు వేసిన రంగు తీయక, మోకాలికి పట్టీతోనే గుమ్మమున దీపములు పెట్టినది. చెప్పు దొరకలేదు.

డిసెంబరు మొదటి వారము దాటకమునుపే ఆ ప్రాంతమున మరల ఇండ్ల యందే ఉండవలెనని ఉత్తరువు వచ్చెను. మూడు వారములు ఆలసించి యుండినచో ఈ చిత్రము లేదు. డిసెంబరు 19, శనివారము సాయంకాలము ఆరు గంటలకు చిత్రమును ఆ కుటుంబముల వారికందరికి పంపిరి. మన దేశమున అప్పుడు ఆదివారము ఉదయము ఏడున్నర. మా వారు ఆ దినము బడి లేనందున ఇంటనే యుండిరి. మా అమ్మాయి తండ్రి ఫోనులో చిత్రమును, నా ఫోనులో మమ్మును, రెంటిని రెండు చేతుల పట్టుకొని కూర్చున్నది.

చిత్రము అందముగానే వచ్చెను. పొద్దుటి ఎలుకలును మధ్యాహ్నపు సైనికులును ఒకరినొకరు చక్కగా కొట్టుకొనిరి. చూపు కొంచెము పరికించినచో ఎలుకల నీడలు ఒక ప్రక్కకు, సైనికుల నీడలు మరియొక ప్రక్కకు పడుటను కనిపెట్టవచ్చును. నేను కనిపెట్టితిని గాని పైకి చెప్పలేదు. చెప్పు తగిలి రాజు కూలినప్పుడు మా మరిది చప్పట్లు కొట్టిరి. జరీ కొంగు వచ్చినప్పుడు మా చెల్లెలు చంటిదానిని గట్టిగా అదుముకొనినది. క్లారా వెనుదిరిగి చూచినది.

"అమ్మా, అది నన్నే చూస్తోంది!" అని ఫోనులో మా అమ్మాయి కేక వేసినది. "కాదే, నన్ను" అని మా చెల్లెలు అనినది. చిన్నది నా వైపు తిరిగి ఏమియు చెప్పలేదు. మా అమ్మాయి కొంతసేపు ఊరకుండి, "అప్పుడు నువ్వెక్కడ నిలుచున్నావమ్మా?" అని అడిగినది. కెమేరా వెనుక, చేత తడి తువాలుతో నిలిచి యుంటినని చెప్పితిని.

"అయితే అది మళ్లీ వెయ్యి, నాన్నా, ఇంకోసారి చూస్తాను" అనినది.